ఓడలెక్కించిన పసివారు - ఇల్లు వెదకిన ముసలివారు

మన అధ్యక్ష మండలమునకు నూరేండ్లు నిండిన ఈ శుభ సమయమున సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గము వారు మమ్ములను కోరినారు. మన పాఠశాలలను గూర్చి, ఆసుపత్రులను గూర్చి, తొలి దేశీయ గురువులను గూర్చి మాకంటె పెద్దలు, ఎరిగినవారు ఈ సంచికలోనే వ్రాయుచున్నారు. కనుక మేము కొంచెము దూరము పోయి, క్రైస్తవ సంఘములు మంచి మనస్సుతోనే తలపెట్టిన ఒక కార్యము పసిపిల్లల బ్రతుకులను ఏమి చేసినదో, ఆ పిల్లలను తిరిగి తమవారి యొద్దకు చేర్చుటకు ఎవరు ఎట్లు పాటుపడినారో చెప్పదలచినాము. పండుగనాడు ఈ మాటలెందుకని కొందరు అనవచ్చును. పండుగ ముందరనే గదా ఇంటి మూలమూలలు దులుపుకొనుట మన ఆచారము!

యోసేపు కథ మనకు సండే స్కూలు నాటినుండి కంఠతా వచ్చును. పదునేడేండ్ల బాలుడు, ఒంటరిగా, పరదేశములో. కాని యోసేపునకు తన తండ్రి పేరు తెలియును, ఊరు తెలియును. కరవుకాలమున అన్నలు ధాన్యమునకు వచ్చినప్పుడు వారి ముఖములు గుర్తుపట్టినాడు, వారు తమలో తాము మాటలాడుకొనిన మాట అర్థము చేసికొనినాడు. మేము చెప్పబోవు పిల్లలకు ఆ పాటి భాగ్యమైనను లేకపోయెను. వారిలో అనేకులకు కన్నతల్లి పేరే తెలియదు. పుట్టినతేదీ తెలియదు. కొందరికి తమ సొంత పేరే తమది కాదు.

బ్రిటను దేశము తన పేద పిల్లలను తల్లిదండ్రులు లేకుండ సముద్రము దాటించి వలసలకు పంపుట పాత అలవాటే. 1618లోనే లండను వీధులనుండి నూరుమంది పిల్లలను వర్జీనియాకు పంపినట్లు చరిత్ర చెప్పుచున్నది. అయితే ఇది ఒక ఉద్యమముగా మారినది 1869లో. ఆ యేట మరియా రై అను స్త్రీ కొందరు ఆడపిల్లలను వెంటబెట్టుకొని కెనడాకు పోయి, నయాగరా సమీపమున ఒక పాత న్యాయస్థానము, జైలు ఉన్న భవనమును కొని దానిని ఆశ్రమముగా మార్చినది. మరుసటి యేట ఆనీ మెక్‌ఫర్సన్ అను మరియొక భక్తురాలు బాలురను తీసికొనిపోయినది. 1882 నుండి డాక్టరు బర్నార్డో సంస్థ వారు ఏటేట పంపనారంభించినారు. రక్షణ సైన్యము, మెథడిస్టులు, ఆంగ్లికనులు, రోమను కథోలికులు, ఒకరని కాదు, అందరును ఈ పనిలో చేయి వేసినవారే. 1869 మొదలుకొని ఎనుబది సంవత్సరములలోపు కెనడాకు పోయిన పిల్లలు లక్షకు పైమాటే.

ఎందుకు పంపినారు? ఆనాటి లండను తూర్పు పేటలను గూర్చి చదివినవారికి ఇది కొంతవరకు అర్థము కాగలదు. కలరా, పొగ, సారాయి, ఒక గదిలో రెండు సంసారములు, మెట్లక్రింద నిద్రించు పిల్లలు. కెనడా పొలములలో పాలు, రొట్టె, మంచి గాలి దొరకునని చెప్పినప్పుడు చందా ఇచ్చిన విశ్వాసులు కన్నీళ్ళతోనే ఇచ్చినారు. ఇది ఒక ప్రక్క. రెండవ ప్రక్క లెక్కల పుస్తకమున్నది. ఒక బిడ్డను ఆశ్రమములో పెంచుట ఏటేట ఖర్చు. ఓడ టిక్కెట్టు ఒక్కసారి ఖర్చు. కెనడా రైతునకు కూలివాడు కావలెను. సామ్రాజ్యమునకు తెల్లజాతి జనము కావలెను. దయ, ఆదాయవ్యయము, రాజ్యకాంక్ష, ఈ మూడును ఒకే ఓడ యెక్కినవి. దయ ఒక్కటే ప్రయాణము చేసియుండిన యెడల ఇంత దూరము పోయెడిది కాదని మా అభిప్రాయము.

డాక్టరు బర్నార్డో పేరు మన ప్రసంగములలో దృష్టాంతముగా వినుచునే ఉందుము. చైనాకు మిషనరీగా పోవలెనని లండను వచ్చి, వీధి పిల్లలను చూచి అక్కడనే నిలిచిపోయిన మనిషి. ఆయన త్యాగమును మేము తక్కువ చేయుట లేదు. కాని పూర్తి చరిత్ర చెప్పవలెను. ఆశ్రమములో చేరకముందు చినిగిన గుడ్డలతో, చేరిన పిమ్మట శుభ్రముగా తీసిన ఫొటోలు జనులను మోసపుచ్చుచున్నవని ఆయనపై వచ్చిన ఫిర్యాదు 1877లో మధ్యవర్తుల విచారణకు పోయినది. మంచివారు కారని తాను తలంచిన తల్లిదండ్రుల యొద్దనుండి పిల్లలను వారికి తెలియకుండ తీసికొనిపోవుటను ఆయన దాచుకొనలేదు, తప్పని తలంచనూ లేదు. తల్లులు కోర్టుకెక్కినారు. తుదకు 1891లో వచ్చిన చట్టము, తల్లిదండ్రులు అడిగినను, వారు తగినవారు కారని తోచినయెడల బిడ్డను తిరిగి ఇవ్వనక్కరలేదని కోర్టులకు అధికారమిచ్చినది. ఆ కాలమున పేదతల్లి తగినదని నిరూపించుకొనుట ఎంత కష్టమో పాఠకులు ఊహింపగలరు.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పవలెను. ఈ పిల్లలలో అత్యధికులు అనాథలు కారు. తల్లియో, తండ్రియో, ఇద్దరునో బ్రతికియున్నవారే. భర్త పోయిన స్త్రీ, పని పోయిన పురుషుడు, పెండ్లికాని తల్లి, కొన్నాళ్ళు చూడుడని ఆశ్రమములో విడిచిన పిల్లలు వీరు. పేదరికమును అనాథత్వముగా లెక్కకట్టుట ఈ కథ కంతటికి మూలము.

కెనడాలో బాలురు పొలములకు, బాలికలు ఇంటిపనికి ఒప్పందముపై పోయినారు. కొందరు మంచి యిండ్లలో బిడ్డలవలె పెరిగినారు. ఇది నిజము, చెప్పకపోవుట అన్యాయము. మరి కొందరు పశువుల కొట్టములో పండుకొనినారు. వారిని చూచి పోవలసిన తనిఖీదారు సంవత్సరమునకొకసారి వచ్చిన గొప్ప. ఆండ్రూ డోయిల్ అను ప్రభుత్వాధికారి 1874లో కెనడా పోయి, ఊరూరు తిరిగి, పిల్లలనే అడిగి, పంపిన తరువాత చూచువారు లేరని 1875లో గట్టిగా నివేదిక వ్రాసినాడు. దాని ఫలితముగా అనాథ శరణాలయములనుండి ప్రభుత్వము పంపు పిల్లలు కొన్నేండ్లు ఆగినారు. స్వచ్ఛంద సంస్థలు పంపువారు ఆగలేదు. 1924లో మార్గరెట్ బాండ్‌ఫీల్డు నాయకత్వమున మరియొక బృందము పోయి, బడి యీడు పిల్లలను పంపరాదని చెప్పినది. 1925లో కెనడా పదునాలుగేండ్ల లోపు పిల్లలు ఒంటరిగా వచ్చుటను నిషేధించినది. డోయిల్ నివేదికకును దీనికిని నడుమ ఏబది సంవత్సరములు. ఆ ఏబది సంవత్సరములలో పోయిన పిల్లలలో అనేకులు ‘హోమ్ చైల్డ్’ అను మాట తిట్టుగా విని విని, పెద్దవారై పెండ్లిండ్లు చేసికొనినను భార్యకు, బిడ్డలకు కూడ తాము ఎవరో చెప్పుకొనక మట్టిలో కలిసినారు.

కెనడా తలుపు వేసినది గాని ఆస్ట్రేలియా తలుపు అప్పటికే తెరచియున్నది. కింగ్స్లీ ఫెయిర్‌బ్రిడ్జి అను యువకుడు ఆక్స్‌ఫర్డులో చదువుచు 1909లో ఒక సంఘమును స్థాపించి, 1912లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని పింజారాలో పొలము, పాఠశాల కలిపి నెలకొల్పినాడు. రెండవ ప్రపంచ యుద్ధమునకు తరువాత ఈ పని మరింత ఊపందుకొనినది. జనము తక్కువగా నున్న దేశము, ఉత్తరమున జపాను భయము చవిచూచిన దేశము. అందుచేత యుద్ధములో అనాథలైన 50,000 మంది పిల్లలను తెచ్చుకొందుమని ఆ ప్రభుత్వము తలంచినది. తీరా చూడగా అంతమంది అనాథలు ఎక్కడను లేరు! లేనివారిని తేలేరు గనుక, ఆశ్రమములలో నున్న పేదల పిల్లలనే అనాథలుగా చూపి పంపినారు. తెల్లజాతి పిల్లలనే ఎంచి తెచ్చినారని వేరుగా చెప్పనక్కరలేదు.

1947 సెప్టెంబరులో అస్టూరియాస్ అను ఓడ యుద్ధానంతరపు మొదటి పిల్లల గుంపును ఫ్రీమాంటిల్ రేవులో దించినది. అది మొదలు 1960 దశకము చివరివరకు ఓడలు, పిదప విమానములు పోవుచునే యున్నవి. ఇరువదవ శతాబ్దమున ఆస్ట్రేలియా చేరిన ఇట్టి పిల్లలు సుమారు 7,000 మంది. మాల్టా ద్వీపమునుండి 310 మంది, న్యూజిలాండునకు 549 మంది, దక్షిణ రొడీషియాకు 276 మంది. మూడు నాలుగేండ్ల పిల్లలు కూడ వారిలో నున్నారు.

ఆ పిల్లలే పెద్దవారైన పిమ్మట చెప్పిన సంగతులు విచారణ సంఘముల నివేదికలలో వందల పుటలున్నవి. ఒకనాడు ఆశ్రమమునకు పెద్దమనుష్యులు వచ్చి, గుఱ్ఱమెక్కి బడికి పోవచ్చును, చెట్టునుండి నారింజపండ్లు కోసికొని తినవచ్చును, ఎవరు వచ్చెదరని అడిగినారట. ఏడేండ్ల పిల్లవాడు చేయి ఎత్తకేమి చేయును? అది విహారయాత్ర అనుకొనినవారు, సాయంకాలమునకు తిరిగి వత్తుమనుకొనినవారు ఉన్నారు. మీ అమ్మ చనిపోయినది, మీకెవరును లేరు అని చెప్పినారు. తల్లుల సంతకము అనేక పత్రములపై లేదు. ఆశ్రమాధికారియే సంరక్షకుడుగా సంతకము చేసినాడు. రేవులో దిగినప్పుడు అన్న ఒక బస్సు, చెల్లెలు ఒక బస్సు. వారు మరల ఒకరినొకరు చూచుకొనునప్పటికి తలలు నెరసియున్నవి.

చట్టప్రకారము ఈ పిల్లలందరికి సంరక్షకుడు ఆస్ట్రేలియా వలస వ్యవహారముల మంత్రి. 1946 చట్టము అట్లు చెప్పినది. ఒక మంత్రి వేలమంది పిల్లలకు తండ్రి! ఆయన అధికారమును రాష్ట్రాధికారులకిచ్చినాడు, వారు సంస్థలకిచ్చినారు, సంస్థలు పిల్లలకు పలుగు పారలిచ్చినవి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని బిండూన్ అను చోట రాతి కట్టడములను ఆ బాలురే వట్టి కాళ్ళతో సున్నము మోసి, రాళ్ళు మోసి కట్టినారు. దెబ్బలే గాక, చిన్నపిల్లల యెడల పలుకరాని దుష్కార్యములును జరిగినవి. అవి జరిగినది సిలువ గుర్తుగల గోడల మధ్యనే. దీనిని వ్రాయుటకు మాకు చేయి ఆడుట లేదు. అయినను వ్రాయక తప్పదు. 1956లో జాన్ రాస్ అను బ్రిటిషు అధికారి నాయకత్వమున తనిఖీ బృందము పోయి చూచినది. కొన్ని సంస్థలకు పిల్లలను పంపనే రాదని తేల్చినది. ఆ తరువాతను పంపినారు. బ్రిటనులో 1948 నాటి పిల్లల చట్టము స్వచ్ఛంద సంస్థలు పంపుటకు నియమములు చేయవచ్చునని చెప్పినది. పిల్లలను పంపుచున్నంతకాలము ఆ నియమములు అమలులోనికి రానేలేదు.

ఇక తిరుగు ప్రయాణపు కథ.

1986లో ఇంగ్లాండు నాటింగ్‌హామ్‌లో మార్గరెట్ హంఫ్రీస్ అను సాంఘిక సేవా ఉద్యోగిని ఉండెను. చిన్ననాడు దత్తు పోయి పెద్దవారైనవారికి తమ మూలములు తెలిసికొనుటలో ఆమె తోడ్పడుచుండెను. ఆమెకు ఆస్ట్రేలియా నుండి ఒక స్త్రీ ఉత్తరము వ్రాసినది. నాలుగేండ్ల వయసున తనను ఇంగ్లాండునుండి ఓడపై పంపినారనియు, తనవారెవరో తెలిసికొన సాయపడుమనియు ఆ ఉత్తరపు సారాంశము. హంఫ్రీస్ మొదట నమ్మలేదు. నాలుగేండ్ల బిడ్డను ఒంటరిగా లోకపు అవతలి అంచునకు ఎవరు పంపుదురు? ఎందుకు పంపుదురు? అయినను వెదకినది. ఆ స్త్రీ తల్లి బ్రతికియే ఉన్నది! తన కుమార్తెను ఇంగ్లాండులోనే ఎవరో మంచివారు పెంచుకొనినారని ఆమె అన్నేండ్లు నమ్మియున్నది.

తరువాత ఒక ఉత్తరము పదియైనది, పది వేలైనవి. 1987లో ఆమె బాల వలసదారుల ట్రస్టును స్థాపించినది. ఆ ట్రస్టు పనిచేసిన తీరు మేము చదివినకొలది మాకు ఆశ్చర్యమే కలిగినది. ఎందుకనగా అది ఏ గొప్ప యంత్రాంగముతోను జరిగినది కాదు, ఓపికతో జరిగినది. వచ్చినవాని యొద్ద నున్నదేమి? ఒక పేరు, అదియు సరియైనదో కాదో. ఒక పుట్టినతేదీ, అదియు ఎవరో వేసిన అంచనాయే కావచ్చును. లండనులోని సెయింట్ కాథరిన్స్ హౌసు అను భవనములో జనన, వివాహ, మరణముల సూచికలుండెడివి. ఏడాదికి నాలుగు భాగములు. ఒక్కొక్క పుస్తకము రెండు చేతులతో ఎత్తవలసిన బరువు. మొదట బిడ్డ జననము దొరకవలెను. దానినిబట్టి తల్లి కన్యనాటి పేరు. ఆ పేరుతో వివాహము వెదకవలెను, ఏలయనగా వివాహమైన స్త్రీ ఇంటిపేరు మారును. ఏ యేట వివాహమైనదో తెలియదు గనుక సంవత్సరము వెంట సంవత్సరము చూడవలెను. మరణముల పుస్తకమును కూడ చూడవలెను. అది చూచునప్పుడు దొరకకూడదని కోరుకొనుచు చూడవలెను.

తల్లి దొరకినంత మాత్రమున పని ముగియలేదు. నలుబది యేండ్ల క్రిందట పెండ్లికాకముందు కన్న బిడ్డను గూర్చి ఆమె భర్తకు తెలియకపోవచ్చును, తరువాత పుట్టిన పిల్లలకు తెలియకపోవచ్చును. వాకిట నిలిచి, నీ కుమారుడు ఆస్ట్రేలియాలో నున్నాడని కేక వేయుట దయ కాదు. అవతల ఆ కుమారునకో, నీ తల్లి చనిపోయినదని బాల్యమునుండి చెప్పబడినది; ఇప్పుడు బ్రతికియున్నదని వినుట ఒక దెబ్బ; నిన్ను ఆమె విడిచిపెట్టలేదు, నీ కొరకు వచ్చి అడిగినది, నీవు దత్తు పోయితివని ఆమెకు అబద్ధము చెప్పినారు అని వినుట మరియొక దెబ్బ. అందుచేత ఇరుప్రక్కల శిక్షణ పొందిన మనుష్యులు కూర్చుండి మాటలాడిరి. మొదటి కలయికకు తోడుగా నిలిచిరి. కలయిక తరువాత కూడ విడువలేదు, ఏలయనగా రెండు వారములు తల్లితో గడిపి ఆస్ట్రేలియాలోని తన భార్యాబిడ్డల యొద్దకు తిరిగి పోవు మనిషికి అది రెండవ యెడబాటు. కొందరు తల్లులు కొడుకు విమానము దిగకముందే చనిపోయినారు. వారికి దొరకినది ఒక సమాధి, తల్లి దాచుకొనిన ఒక ఫొటో, పేరు విననైన వినని ఒక తమ్ముడు.

ట్రస్టు మరియొక నియమము పాటించినది. పిల్లలను పంపిన సంస్థలకు లోబడక వేరుగా నిలిచినది. తనను ఓడ యెక్కించిన ఆఫీసు గుమ్మము మరల ఎక్కి, నా తల్లి యెవరని చేతులు కట్టుకొని అడుగుటకు అనేకుల మనసొప్పలేదు. ఇది మనబోటి సంస్థలకు చేదు మాట. ‘మేము మారినాము, మా యొద్దకు రండి’ అని మనము ఎంత ప్రేమతో పిలిచినను, గాయపడినవాడు వేరొక తలుపు కోరుకొను హక్కుగలవాడు.

అప్పటివరకు ఈ సంగతిని వినని లోకము మెల్లగా వినినది. 1993లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని క్రిస్టియన్ బ్రదర్స్ సభవారు పత్రికాముఖముగా క్షమాపణ చెప్పినారు. 1998లో బ్రిటిషు పార్లమెంటు ఆరోగ్య సంఘము, 2001లో ఆస్ట్రేలియా సెనేటు సంఘము నివేదికలు వెలువరించినవి. 2009 నవంబరు 16న ఆస్ట్రేలియా ప్రధాని కెవిన్ రడ్, 2010 ఫిబ్రవరి 24న బ్రిటను ప్రధాని గార్డన్ బ్రౌన్ తమ తమ ప్రభుత్వముల పక్షముగా క్షమాపణ చెప్పినారు. కుటుంబములను కలుపు ప్రయాణములకు బ్రౌన్ ప్రభుత్వము 60 లక్షల పౌండ్లు కేటాయించినది. 2017లో కెనడా ప్రజాప్రతినిధుల సభ క్షమాపణ తీర్మానము చేసినది. 2018 మార్చిలో బ్రిటను స్వతంత్ర విచారణ సంఘము, బ్రతికియున్న ప్రతి బాల వలసదారునికి పరిహారమివ్వవలెనని చెప్పగా, మరుసటి యేటినుండి తలకు 20,000 పౌండ్లు ఇచ్చినారు. డెబ్బదియేండ్ల తరువాత వచ్చిన డబ్బు. పుచ్చుకొనువారిలో కొందరు అప్పటికే చేతికఱ్ఱ లేనిదే నడువలేనివారు.

ఇదంతయు తెల్లదొరల కథ, మనకేమి అనుకొనవద్దు. మన దేశములోనే కాలింపాంగు కొండలలో స్కాట్లండు సంఘపు మిషనరీ జాన్ ఆండర్సన్ గ్రాహము దొరగారు 1900లో పిల్లల గృహములు స్థాపించినారు. తేయాకు తోటల దొరలకు అక్కడి లెప్చా, నేపాలీ మొదలగు స్త్రీల వలన కలిగిన పిల్లలను, తండ్రులు వెలివేయక మునుపే చేరదీసి చదువు చెప్పించుట ఆయన ఉద్దేశము. ఆ పాఠశాల నేటికిని నడచుచున్నది, దాని మేలును కాదనుట లేదు. కాని చేరిన పిల్లలకు తల్లితో సంబంధము తెంచివేసినారు. 1908 నుండి 1938 వరకు 130 మంది యువతీయువకులను న్యూజిలాండునకు పంపినారు. వారిలో అనేకులు తాము పుట్టిన దేశపు మాటనే ఇంటిలో ఎత్తలేదు. ఇటీవలి కాలమున వారి మనుమలు, మనుమరాండ్రు కాలింపాంగు వచ్చి పాత దస్తావేజులు తిరగవేయుచున్నారు. తండ్రి పేరు, తోట పేరు చాలమందికి దొరకుచున్నవి. తల్లి పేరు దొరకుట అరుదు.

దీనికి ప్రక్కనే మన తెలుగువారి కథ నొకదానిని పెట్టి చూడవలెను. 1860లో ట్రూరో ఓడ మద్రాసునుండి దక్షిణాఫ్రికా నాతాలుకు పోయినది మొదలు, చెరకు తోటలకు కూలీలుగా పోయిన మన తెలుగువారి వివరములను ఆ ఓడల జాబితాలలో వ్రాసినారు. పేరు, వయస్సు, తండ్రి పేరు, గ్రామము, తాలూకా, జిల్లా. వ్రాసినది ప్రేమతో కాదు, కూలీ పారిపోయినచో పట్టుకొనుటకు. అయినను ఆ వ్రాత నిలిచినది. నెల్లూరునుండి రెవరెండు జాన్ రంగయ్యగారు 1903లో మిషనరీగా నాతాలు పోయి ఆ తెలుగువారి మధ్య సంఘములు కట్టినారని మన పెద్దలు చెప్పగా వినియున్నాము. వారి నాలుగవ, ఐదవ తరమువారు నేడు ఆ జాబితా నకలు చేతబట్టుకొని మన ప్రాంతములకు వచ్చి ఊరు వెదకికొనుచున్నారు. కూలీల ఓడలో దొరకిన తండ్రి పేరు, గ్రామము పేరు, దయగలవారు పంపిన పిల్లల ఓడలో దొరకలేదు!

మా పాస్టరేటు పరిధిలో ఒక రైల్వే జంక్షను ఉన్నది. నాలుగైదేండ్ల క్రిందట మా యవ్వనస్థులు కొందరు ప్లాట్‌ఫారముపై ఒంటరిగా కూర్చున్న తొమ్మిదేండ్ల బాలుని చూచి మాకు కబురు చేసినారు. వాని భాష మాకు రాదు, మా భాష వానికి రాదు. పార్సనేజీకి తీసికొనిపోయి అన్నము పెట్టి, మన హాస్టలులో చేర్చుకొందమని సంఘపెద్దలలో ఒకరు జాలితోనే అన్నారు. అట్లు చేయరాదు. 2015 నాటి బాల న్యాయ చట్టము ప్రకారము అట్టి బిడ్డను 24 గంటలలోపు బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచవలెను. 1996లో బొంబాయిలో మొదలైన 1098 నెంబరు ఇట్టి వేళల కొరకే ఉన్నది. ఆ నెంబరుకే ఫోను చేసినాము. వాడు చెప్పినది ఒకే మాట: ఊరు రాంపూరు. ఉత్తరాదిన రాంపూరులెన్ని! బియ్యపు మిల్లులో పనిచేయు ఒక బీహారీ హమాలీ వచ్చి వాని యాసనుబట్టి జిల్లా ఊహించినాడు. ఇటుక బట్టీ పొగగొట్టము, రైలు కట్ట, ఒక దర్గా, ఇట్టి గుర్తులనుబట్టి సమితివారు, పోలీసువారు ఐదు వారములకు ఇల్లు పట్టుకొనినారు. ఫోనులో తల్లి గొంతు వినిన వాడు చాలసేపు పలుకలేదు.

వాడు ఇల్లు చేరినాడు. కాని వాడు ఎందుకు బయలుదేరినాడో అడుగకుండ పంపినయెడల మరల అదే రైలెక్కును. తండ్రి చేసిన అప్పుకు బదులుగా గాజుల పనికి పంపుచుండగా దారిలో తప్పిపోయిన బిడ్డ వాడు. అందుచేత అక్కడి జిల్లా సమితివారు ఇంటిని ముందుగా చూచి, బడిలో చేర్చి, ఆ తరువాత కొన్ని నెలలు వాని జాడ కనుగొనుచుండిరని మాకు తెలియవచ్చినది. ఇల్లు చేర్చుట ఒకనాటి పని. ఇంటిలో నిలుపుట ఏండ్ల పని. మన చట్టము కూడ సంస్థలో ఉంచుటను ఆఖరి మార్గముగానే చెప్పుచున్నది. మన హాస్టళ్ళలో పెరిగి గురువులు, ఉపాధ్యాయులు, నర్సులు అయినవారు ఈ సంచికనిండ ఉన్నారు, వారిని చూచి మేమును గర్వపడుచున్నాము. కాని వారిలో చాలమందికి సెలవులకు పోవుటకు ఒక ఇల్లు ఉండెను. ఆ ఇల్లు ఉండుటయే వారి భాగ్యములో సగమని మాకు తోచుచున్నది.

శతాబ్ది కమిటీ వారికి మా మనవి ఒకటి. కరవుకాలములలోను, తరువాతను మన బోర్డింగు పాఠశాలలలో, అనాథ గృహములలో చేరిన పిల్లల అడ్మిషను రిజిస్టర్లు అక్కడక్కడ మిషను బంగళాలలో, పాత బీరువాలలో పడియున్నవి. వాటిని అధ్యక్ష మండల కార్యాలయమునకు తెప్పించి, నకళ్ళు తీయించి, అడిగిన మనుమలకు మర్యాదగా చూపు ఏర్పాటు చేయవలెను. చూపుటకు వేరొక మనిషిని, అనగా ఆ పాఠశాలలతో సంబంధము లేనివారిని నియమించిన మరింత మంచిది. మా పాస్టరేటు బంగళాలో మూడు పుస్తకములు దొరకినవి. రెండింటికి అట్టలు కట్టించినాము. మూడవదానిలో సగము చెదలు తినగా, మిగిలిన పుటలలో పిల్లల పేరు, చేరిన తేదీ, బాప్తిస్మము తేదీ చక్కని దస్తూరితో ఉన్నవి. తల్లి పేరు వ్రాయుటకు ఆ పుస్తకములో గడి గీయలేదు.